డస్ సీత హ్యావ్ ఆ, డస్ సీత హ్యాజ్ ఆ? పాప వర్క్‌షీట్ కాడ లొల్లి

కరీంనగర్ మౌనిక · రాత్రి 9:12

అందరికి నమస్తే, ఇక్కడ కొత్తగ చేరిన, తప్పయితే ఏమనుకోకున్రి. మా పాప నాలుగో తరగతి, ఇంగ్లిష్ మీడియం. ట్యూషన్ల ఖాళీలు నింపే వర్క్‌షీట్ ఇచ్చిన్రు. సీత డాష్ ఎ డాల్ అంటే హ్యాజ్ రాసింది, రైట్ పడ్డది. గదాని కిందనే డస్ సీత డాష్ ఎ డాల్ అని ప్రశ్న, దానికి హ్యావ్ రాసింది. సార్ ఎర్ర పెన్నుతోటి కొట్టేసి హ్యాజ్ అని రాసిండు, పక్కకు "సీత సింగులర్" అని కూడా రాసిండు. పాపేమో బడిల టీచర్ హ్యావ్ అనే చెప్పిందమ్మా అని ఏడ్సుకుంట పడుకుంది. నేను పది దాక తెలుగు మీడియం, డిగ్రీల ఇంగ్లిష్ ఎట్ల పాసయిన్నో ఆ దేవునికే తెలుసు. పొద్దుగాల ఆరింటికి మళ్ల ట్యూషన్ ఉంది. సార్‌ను అడుగుదామంటే నాకే గట్టిగ తెల్వకపాయె. ఎవరిది కరెక్ట్ జర చెప్పున్రి.

రాత్రి షిఫ్ట్ · 9:15

పాపదే కరెక్ట్ అక్కా. డస్ వచ్చాక హ్యాజ్ రాదు. పాపని లేపి చాక్లెట్ ఇవ్వండి.

పుల్లట్టు · 9:21

అదేంటండీ బాబూ అంత తేలిగ్గా తేల్చేశారు. సీత ఒక్కతే కదండీ, హి షి ఇట్ కి హ్యాజ్ అని చిన్నప్పుడు బెత్తం పట్టుకుని బట్టీ పట్టించారు మాకు. నేను ఇరవై ఏళ్ళ నుంచీ డస్ హి హ్యాజ్ అనే అంటన్నాను, మా ఆఫీసులో ఎవ్వరూ ఏమీ అన్లేదు ఆయ్.

రాత్రి షిఫ్ట్ · 9:23

ఏమీ అనలేదంటే వాళ్ళూ అదే అంటున్నారన్నమాట అన్నా.

తెనాలి మాస్టారు · 9:48

అమ్మా మౌనికా, పాప రాసిందే ఒప్పు. నిస్సందేహంగా రేపు అడగవచ్చు. రిటైరై ఏడేళ్ళయింది కానీ ఈ ఒక్క ముక్క ఎన్ని సార్లు చెప్పానో లెక్కలేదు కాబట్టి పిల్లలకి చెప్పినట్టే చెప్తాను, పెద్దవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ఆర్టీసీ బస్సులో కండక్టర్ సంచి ఒకటే ఉంటుంది చూశారా, అలాగే ఒక వాక్యంలో ఆ "స్" అనే తోక కూడా ఒకటే. సీత హ్యాజ్ ఎ డాల్ అన్నప్పుడు సంచి హ్యాజ్ మెడలో ఉంది. ప్రశ్న వేయాలంటే డూ అనే ఇంకొక మనిషిని బస్సెక్కించాలి. వాడు ఎక్కగానే సంచి తీసి తన మెడలో వేసుకుంటాడు, డూ కాస్తా డస్ అవుతాడు. సంచి ఇచ్చేసిన హ్యాజ్ మామూలు ప్యాసింజర్ అయిపోయి హ్యావ్‌గా కూర్చుంటుంది. ఇద్దరి మెడలో రెండు సంచులు ఉన్న బస్సు ఎక్కడైనా చూశామా? అంతే. సీత సింగులర్ అని సార్ రాసింది నిజమే, కానీ ఆ సింగులర్ లెక్క డస్ దగ్గరే చెల్లిపోయింది, రెండోసారి టికెట్ కొట్టక్కర్లేదు.

అనుమానం ఉంటే హ్యావ్ తీసేసి గో పెట్టి చూడండి. హి గోస్ టు స్కూల్. ప్రశ్న చేస్తే డస్ హి గో. డస్ హి గోస్ అని అనబోతే నాలుక కాస్త తడబడుతుంది కదా. హ్యాజ్ దగ్గర తడబడదు, ఎందుకంటే గో గోస్ ఒకదానికొకటి చుట్టాలని చూడగానే తెలుస్తుంది, హ్యావ్ హ్యాజ్ మాత్రం వేరు వేరు మాటల్లా కనిపిస్తాయి. హ్యావ్ కి తోక తగిలిస్తే హ్యావ్స్ అవ్వాలి, మధ్యలో వ్ జారిపోయి హ్యాజ్ అయింది. అందువల్ల అందులో తోక ఉన్న సంగతి పిల్లలకే కాదు, చెప్పేవాళ్ళకీ గుర్తుండదు.

పుల్లట్టు · 9:55

డస్ హి గోస్... నిజమేనండి, నాలుక ఒప్పుకోట్లేదు. ఇరవై ఏళ్ళు ఇద్దరు కండక్టర్లతో బస్సు నడిపానన్నమాట.

కడప కారం · 10:02

నాకూ ఒగ డౌట్ మాస్టారూ. డజంట్ కి గూడా ఇదే కతేనా? మా వాడు షి డజంట్ హ్యాజ్ మనీ అని స్టేటస్ పెట్నాడు నిన్న, పెండ్లాం మీద.

తెనాలి మాస్టారు · 10:09

అదే కథ నాయనా. డజంట్ లో సంచి ఉంది కనక షి డజంట్ హ్యావ్ మనీ. అలాగే క్యాన్, విల్, మే, మస్ట్, షుడ్ వీటి తర్వాత ఎవరొచ్చినా హ్యావే. సీత విల్ హ్యావ్, సీత మే హ్యావ్, సీత మస్ట్ హ్యావ్. టు తర్వాత కూడా అంతే, షి వాంట్స్ టు హ్యావ్. హ్యాజ్ అనేది సీత పక్కన ఒంటరిగా ఉన్నప్పుడే దర్జా, లేదా షి హ్యాజ్ ఈటెన్ అన్నట్టు తనే ఇంకొక క్రియకి సాయం వెళ్ళినప్పుడు. దాని ముందు ఇంకొక సహాయకుడు వచ్చి నిలబడ్డాడా, ఇక హ్యావే.

స్టేటస్ సంగతి మాత్రం వాళ్ళావిడ చూసుకుంటుంది.

కరీంనగర్ మౌనిక · 10:20

మాస్టారూ మీకు దండం. సంచి ముచ్చట పాపకు పొద్దుగాల చెప్త, వాళ్ళ తాత ఆర్టీసీల చేసిండు కాబట్టి పట్టుకుంటది. ఇగ నాకు భయం మొదలైంది, ఇన్ని రోజులు నేనెన్ని తప్పులు మాట్లాడిన్నో అని. మొన్న ఒక ప్రైవేట్ ఆఫీసుల ఇంటర్వ్యూకు పోయిన, ఫ్యామిలీ గురించి అడిగితే ఐ యామ్ హ్యావింగ్ వన్ డాటర్ అన్న. ఆ మేడమ్ నవ్వింది. గది కూడ తప్పేనా?

రాత్రి షిఫ్ట్ · 10:31

అక్కా అది మా ఫ్లోర్ మీద జాతీయ గీతం. నేను గచ్చిబౌలిలో కాల్ సెంటర్లో చేరినప్పుడు మొదటి నెల మొత్తం వాయిస్ ట్రైనింగ్, ట్రైనర్ టేబుల్ మీద ప్లాస్టిక్ డబ్బా పెట్టేది, ఐ యామ్ హ్యావింగ్ అన్న ప్రతివాడూ అందులో పది రూపాయలు వెయ్యాలి, నెలాఖరుకి ఆ డబ్బులతో బ్యాచ్ మొత్తం బిర్యానీ తిన్నాం, అందులో నా వాటా సగం ముక్కలకైనా సరిపోయుంటుంది. ఐ యామ్ హ్యావింగ్ టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్, ఐ యామ్ హ్యావింగ్ ఓన్ బైక్, ఐ యామ్ హ్యావింగ్ డౌట్ మేడమ్... ఒకడైతే ఫైన్ కట్టమంటే ఐ యామ్ నాట్ హ్యావింగ్ చేంజ్ అన్నాడు, ఇంకో పది పడింది.

రూల్ ఏంటంటే మనకి ఉన్నవాటికి, అంటే అన్నదమ్ములు, ఇల్లు, బండి, ఎక్స్‌పీరియన్స్, వీటికి హ్యావింగ్ వాడరు, ఐ హ్యావ్ అంతే. తినడం తాగడం జరుపుకోవడం లాంటి అర్థం వస్తే వాడొచ్చు. ఐ యామ్ హ్యావింగ్ లంచ్ కరెక్ట్, వి ఆర్ హ్యావింగ్ ఎ పార్టీ కరెక్ట్, ఐ యామ్ హ్యావింగ్ ట్రబుల్ విత్ మై నెట్ అని కస్టమర్లే అంటారు.

అసలు డేంజర్ ఏంటంటే షి ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ అంటే ఆమెకి పాప ఉంది అని కాదు, కడుపుతో ఉంది, లేదా కాన్పు అవుతోంది అని. ఆ మేడమ్ ఎందుకు నవ్విందో ఇప్పుడు చూసుకోండి.

కరీంనగర్ మౌనిక · 10:33

అయ్యో రామా. పొట్ట దిక్కు చూసినట్టే అనిపించింది అప్పుడు.

కడప కారం · 10:34

కూతురే పుడ్తాదని స్కానింగ్ గూడా చేయించుకున్నట్టు చెప్తివే అక్కా. కేసు అవుతాది.

డల్లాస్ బావ · 10:58

ఇక్కడ కాఫీ తాగుతూ ఈ థ్రెడ్ చదివి నవ్వలేక చచ్చాను. మీకు దీని రివర్స్ కేసు చెప్తా. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇంగ్లిష్‌లో హ్యావ్ హ్యాజ్ నిద్రలో కూడా తప్పు రాదు. తెలుగు మాట్లాడమంటే మాత్రం నేను ఒక తమ్ముడు ఉన్నాను అంటుంది. అంటే ఐ హ్యావ్ ఎ బ్రదర్ అని దాని ఉద్దేశం. వాళ్ళ నానమ్మకి వీడియో కాల్‌లో నేను రెండు కుక్కలు ఉన్నాను అంది ఒకసారి, మా అమ్మ కంగారుపడి ఏమిట్రా పిల్ల ఇలా అంటోంది, దిష్టి తియ్యి అంది. నాకు అని అనాలి తల్లీ అని వందసార్లు చెప్పా. నాకు అంటే టు మీ కదా డాడీ, టు మీ ఎందుకొచ్చింది అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

తెనాలి మాస్టారు · 11:26

డల్లాస్ అబ్బాయి మంచి చోట వేలు పెట్టాడు. నిద్ర పట్టడం లేదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మన తెలుగులో హ్యావ్ అనే క్రియ లేదు. వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం. మనకి ఉన్నది ఉండు ఒక్కటే. నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు. ఈ వాక్యంలో ఉన్నది ఎవరు? తమ్ముళ్ళు. నేను కాదు. నేను నాకు అయిపోయి పక్కకి తప్పుకున్నాను. అందుకే క్రియ కూడా తమ్ముళ్ళని బట్టే మారుతుంది. నాకు ఒక తమ్ముడు ఉన్నాడు, నాకు ఒక చెల్లి ఉంది, నాకు రెండు గేదెలు ఉన్నాయి. నేను మారలేదు, నాకు ఉన్నవాళ్ళు మారారు, వాళ్ళ వెంట క్రియ మారింది.

ఇంగ్లిష్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. ఐ హ్యావ్ వన్ బ్రదర్, ఐ హ్యావ్ టూ బఫెలోస్, గేదెలు ఎన్నయినా హ్యావ్ కి పట్టింపు లేదు. దాని చూపు ఎంతసేపూ యజమాని మీదే. ఐ అయితే హ్యావ్, మై ఫాదర్ అయితే హ్యాజ్. మన పిల్లవాడి బుర్రలో మాత్రం క్రియ ఉన్న వస్తువు వైపు చూడాలని పుట్టుకతోనే రాసిపెట్టి ఉంది. కాబట్టి మై ఫాదర్ హ్యావ్ టూ బఫెలోస్ అని రాస్తాడు, గేదెలు రెండు కదా సార్ అంటాడు. ఐ హ్యాజ్ వన్ బ్రదర్ అంటాడు, బ్రదర్ ఒక్కడే కదా సార్ అంటాడు. సర్వీసులో చేరిన కొత్తలో ఈ రెండో రకం తప్పు చూసి కొట్టేవాణ్ణి. తర్వాతెప్పుడో ఒక పిల్లవాడు ఏడుస్తూ "ఒక్కడే సార్" అన్నాకే నాకు వెలిగింది, వాడు లెక్క తప్పలేదు, లెక్కపెట్టాల్సిన మనిషి దగ్గర తప్పాడు. ఆ రోజునుంచి బోర్డు మీద వాక్యం రాసి యజమాని కింద గీత గీయించేవాణ్ణి, క్రియ ముట్టుకునే ముందు.

ఇంకొకటి. మన దగ్గర ఉండటంలో ఎన్ని రకాలో చూడండి. నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు అంటే కన్నవాళ్ళు. నా దగ్గర ఇద్దరు పిల్లలు ఉన్నారు అంటే ఎవరి పిల్లలో, సెలవులకి వచ్చినవాళ్ళు కావచ్చు, ట్యూషన్‌కి వచ్చినవాళ్ళు కావచ్చు. నా దగ్గర డబ్బు ఉంది అంటే జేబులో, నాకు డబ్బు ఉంది అంటే ఆస్తిపరుణ్ణి. గదికి రెండు కిటికీలు ఉన్నాయి, వాడిలో ఓపిక లేదు, కుక్కకి నాలుగు కాళ్ళు, అక్కడైతే క్రియ కూడా అక్కర్లేదు. వీటన్నిటికీ ఇంగ్లిష్ వాడు ఒకే హ్యావ్ పెట్టి సరిపెడతాడు, గది అయినా కుక్క అయినా. ద రూమ్ హ్యాజ్ టూ విండోస్ అని మన పిల్లవాడికి సొంతంగా తోచదు, ఇన్ ద రూమ్ టూ విండోస్ ఆర్ దేర్ అనే వస్తుంది.

రాత్రి షిఫ్ట్ · 11:31

దేర్ గురించి గుర్తుచేశారు. హైదరాబాద్‌లో మా టీమ్ మొత్తం దేర్ మీదే నడుస్తుంది. టైమ్ ఈజ్ దేర్, లీవ్స్ ఆర్ దేర్, క్యాబ్ దేర్ ఆ. హ్యావ్ జోలికే పోరు, గొడవ లేదు.

భాషా పిచ్చి · 11:52

మాస్టారు చెప్పింది చాలా వరకూ ఒప్పుకుంటా, ఒక్క చోట పేచీ. హ్యావింగ్ తప్పుని కూడా తెలుగు మీదే వేస్తామేమో అని ముందే అడ్డుపడుతున్నా. హిందీ వాళ్ళూ తమిళులూ మలయాళీలూ అందరూ ఐ యామ్ హ్యావింగ్ అంటారు, ఐ యామ్ నోయింగ్ కూడా అంటారు, ఇది దేశం మొత్తం మీద ఉన్న ఇంగ్లిష్ యాస. అయితే తెలుగులో దానికి ఎరువు బాగా ఉంది. తింటున్నాను అనే మాటని విప్పితే తింటూ ఉన్నాను. మన జరుగుతున్న కాలంలోనే ఉన్నాను దాగుంది. ఉన్నాను అనగానే ఇంగ్లిష్‌లో ఐఎన్‌జీ పెట్టాలనే అలవాటు పడిపోతే, కారు ఉంది అన్నప్పుడు కూడా చేయి ఐఎన్‌జీ మీదకే పోతుంది. నా ఊహ ఇది, మాస్టారు కాదంటే సరే.

ఇక హ్యావ్ లేకపోవడం మనకొక్కళ్ళకే ఉన్న లోటు కాదు. రష్యన్లు కూడా ఉ మెన్యా యెస్త్ అంటారు, నా దగ్గర ఉంది అన్నట్టే. హిందీ మేరే పాస్ హై సంగతి తెలిసిందే. జర్మన్‌లో మాత్రం ఇంగ్లిష్ కన్నా ఎక్కువ చాకిరీ, ఇష్ హాబె, దు హాస్ట్, ఎర్ హాట్, నేను నువ్వు అతను ముగ్గురికీ మూడు. ఇంగ్లిష్‌కీ ఒకప్పుడు అలాగే ఉండేది, అరిగి అరిగి ఇప్పుడు హ్యాజ్ ఒక్కటే మిగిలింది. అంటే పిల్లలు ఏడుస్తున్నది చివరాఖరి ముక్క దగ్గర.

లాటిన్ హబేరె నుంచి హ్యావ్ వచ్చిందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నా. సంబంధం లేదు. హ్యావ్ కి అసలు చుట్టం లాటిన్‌లో కపేరె, పట్టుకోవడం అని. మొదట్లో అది చేత్తో పట్టుకోవడమే, తర్వాత ఆస్తులు వచ్చాయి.

కడప కారం · 11:58

ఇంత రాత్రి లాటిన్ యాడికి పోయిందబ్బా. పాప డాల్ కాడ మొదలైంది.

పుల్లట్టు · తెల్లవారి 5:40

పొద్దున్నే లేచి చదివానండి మొత్తం. నాకు ఇంకో పీకులాట ఉంది. మా రాజమండ్రిలో మా తాతయ్య దగ్గర పాత ఇంగ్లీషు బైబిలు ఉండేది, అందులో ఎక్కడ చూసినా హ్యాత్ హ్యాత్ అని ఉండేది. అది అచ్చుతప్పేమో అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. అదీ హ్యాజేనా?

ఇంకోటి, క్రికెట్ కామెంట్రీలో ఇండియా హ్యావ్ వన్ ద టాస్ అంటారేంటండి? ఇండియా ఒకటే కదా, మళ్ళీ సింగులర్ గొడవ.

భాషా పిచ్చి · 7:15

హ్యాత్ అంటే హ్యాజే. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ అంతా హ్యాతే. 150వ కీర్తన చివర లెట్ ఎవ్రీ థింగ్ దట్ హ్యాత్ బ్రెత్ అని వస్తుంది. అప్పటికే జనం నోట హ్యాజ్ కూడా తిరుగుతోంది. ఆ స్ చివర ఉత్తర ఇంగ్లండ్ వాళ్ళ మాట, మెల్లగా దక్షిణానికి దిగి త్ ని తరిమేసింది. అదే వాక్యం తెలుగు బైబిల్లో సకల ప్రాణులు అని ఉంటుంది. ఊపిరి కలిగిన ప్రతిదీ అని ఈడ్చుకుంటూ వెళ్ళలేదు, ప్రాణి అన్నాక ఊపిరి ఉన్నట్టే. మాస్టారు రాత్రి చెప్పినదానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. యంత్రం చేత అనువాదం చేయిస్తే ఒక్కోసారి అతను రెండు కార్లను కలిగి ఉన్నాడు అని వస్తుంది, చదువుతుంటే పంటి కింద రాయి.

క్రికెట్ సంగతి, బ్రిటిష్ వాళ్ళకి జట్టు అంటే పదకొండు మంది, అందుకే ఇండియా హ్యావ్. అమెరికా వాళ్ళకి జట్టు ఒక వస్తువు, ఇండియా హ్యాజ్. మనకి క్రికెట్ బ్రిటిష్ వాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది కనక కామెంట్రీలో వాళ్ళ పద్ధతే. దేశం గురించి అయితే ఎక్కడైనా ఇండియా హ్యాజ్ మెనీ రివర్స్.

డల్లాస్ బావ · 7:40

అవును, ఇక్కడ ఆఫీసులో ద టీమ్ హ్యావ్ డిసైడెడ్ అని మెయిల్ రాస్తే మా మేనేజర్ హ్యాజ్ అని దిద్ది పంపాడు. నేను క్రికెట్ చూసి పెరిగా అంటే అర్థం కాలేదు ఆయనకి.

కడప కారం · 8:05

హ్యాజ్ టు, హ్యావ్ టు గురించి గూడా ఎవురన్నా చెప్పండి. సినిమాల్లో హ్యాఫ్టు హ్యాఫ్టు అంటారే, అదేనా?

రాత్రి షిఫ్ట్ · 8:12

అదే. హ్యావ్ టు పలికేటప్పుడు హ్యాఫ్టు, హ్యాజ్ టు హ్యాస్టు అవుతుంది. మన తెలుగు ఆలి అన్నమాట, వెళ్ళాలి, చెయ్యాలి. షి హ్యాజ్ టు గో, ఆమె వెళ్ళాలి. ప్రశ్న అయితే మళ్ళీ మాస్టారి బస్సే, డస్ షి హ్యావ్ టు గో. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, డోంట్ హ్యావ్ టు అంటే వద్దు అని కాదు, అక్కర్లేదు అని. యు డోంట్ హ్యావ్ టు కమ్ అంటే రావక్కర్లేదు, నీ ఇష్టం. మా టీమ్‌లో ఒకడు కస్టమర్‌కి యు డోంట్ హ్యావ్ టు షేర్ యువర్ పాస్‌వర్డ్ అన్నాడు, చెప్పొద్దు అనే ఉద్దేశంతో. ఆవిడ ఇట్స్ ఓకే డియర్ అని మొత్తం చెప్పేసింది.

కడప కారం · 8:14

సచ్చినాడు ఫో.

తెనాలి మాస్టారు · 8:50

పొద్దున్నే నవ్వించారు. నిన్న ఒక సంగతి చెప్పడం మర్చిపోయాను, మౌనిక ట్యూషన్ సార్ పక్షాన. మేము చదువుకునే రోజుల్లో హ్యాజ్ సీత ఎ డాల్ అని ప్రశ్న వేసేవాళ్ళం, డస్ లేకుండా. అది పాత బ్రిటిష్ పద్ధతి, అప్పట్లో ఒప్పే, ఇప్పుడు ఎవరైనా అలా అంటే ముసలివాసన కొడుతుంది. హ్యాజ్ సీత గాట్ ఎ డాల్ అని గాట్ చేరిస్తే బ్రిటన్‌లో ఇప్పటికీ రోజూ వాడుకే. ఆ సారుకి ఎవరో పాతకాలపు మాస్టారు హ్యాజ్ అని నేర్పి ఉంటారు, తర్వాత డస్ వచ్చి చేరినా పాత హ్యాజ్ చేతిని వదలలేదేమో. అందుకని రేపు అడిగేటప్పుడు తప్పు పట్టినట్టు కాకుండా సందేహం అడిగినట్టు అడుగు తల్లీ, చిన్న ఊళ్ళో ట్యూషన్ చెప్పుకుని బతికేవాడు, పదిమంది ముందు మాట పడితే కష్టం.

రాత్రి షిఫ్ట్ · 8:53

మాస్టారూ రేపు కాదు, ఇవ్వాళ ఆరింటికే అయిపోయి ఉంటుంది.

కరీంనగర్ మౌనిక · సాయంత్రం 6:35

అయిపోయింది మాస్టారూ. మీ ఆఖరు మెసేజ్ ఇప్పుడే చూసిన గని నేను మెల్లగనే అడిగిన, పిల్లలు లోపటికి పోయినంక వాకిట్ల నిలబడి. సార్, పాపకు చిన్న డౌట్ ఉందట అన్న. ఐ యామ్ హ్యావింగ్ డౌట్ అనలే, జాగ్రత్తపడ్డ.

సార్ షీట్ చూసి ముందుగాల రెండూ నడుస్తయి మేడమ్ అన్నడు. రెండూ నడిస్తే ఎర్ర పెన్ను ఎందుకు సార్ అని మా పాప ఎనుకకెళ్ళి వచ్చి అడిగింది, నేను నోరు మూయించేలోపటనే. ఆయన ఏమనలే. సరే అని నేను డస్ హి గోస్ అంటమా సార్ అన్న. రెండు సార్లు నోట్ల అనుకున్నడు, నవ్విండు, లోపటికి పోయి నీలం పెన్ను తెచ్చి హ్యాజ్ కొట్టేసి హ్యావ్ రాసి సంతకం పెట్టిండు. ఇంకో ఏడుగురి షీట్లల్ల కూడ గట్లనే కొట్టిండట, వాళ్ళయి కూడ దిద్దాలె మేడమ్, రాత్రి పదకొండు దాక దిద్దుత చేతికి ఏం రాస్తున్నమో తెల్వది అన్నడు. పాపం అనిపించింది. పాప మాత్రం సంచి కథ మొత్తం సార్‌కు చెప్పింది, తాత ఏ డిపోల చేసిండో కూడ.

ఇంగ ఇంటికొచ్చినంక వాళ్ళ నాన్నను పరీక్ష చేస్తుంది. ఎవ్రీబడీ హ్యావా హ్యాజా అంటే ఆయన ఎవ్రీబడీ అంటే అందరు కదా హ్యావ్ అన్నడు. గది కరెక్టేనా మాస్టారూ?

రాత్రి షిఫ్ట్ · 6:41

ఎవ్రీబడీ హ్యాజ్. అర్థం అందరూ, గ్రామర్ ఒక్కడు. ఎవ్రీవన్, సమ్‌వన్, నోబడీ, ఈచ్ అన్నీ హ్యాజ్. పీపుల్ మాత్రం హ్యావ్. అక్కా, మీ ఆయనకి ఫైన్ పది రూపాయలు.

పుల్లట్టు · 6:44

వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ హ్యాజ్ కదండీ? ఫ్రెండ్స్ పక్కనే ఉందని హ్యావ్ అనకూడదు, వన్ ని చూడాలి. చూశారా నేర్చేసుకున్నాను.

తెనాలి మాస్టారు · 6:52

శభాష్ పుల్లట్టు గారూ. యజమాని కింద గీత గీశారు.

కరీంనగర్ మౌనిక · 7:05

పాప ఇంకోటి అడుగుతుంది, ఇదే ఆఖరు అంటుంది. నన్ ఆఫ్ దెమ్ హ్యావా, నన్ ఆఫ్ దెమ్ హ్యాజా?

తెనాలి మాస్టారు · 7:11

రెండూ నడుస్తాయమ్మా. ఈసారి నిజంగానే.